పక్కింటి బాకాలు

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. శనివారం ఫోన్ చేస్తే చాలు, పక్కింటి పెరట్లోంచి బాకాలు, డ్రమ్ముల మోత. వాళ్లు మెక్సికో వాళ్లట. అచ్చం మన పెళ్లి బ్యాండులా ఉంది. ఇలాంటి పాటలు అమెరికా చార్టుల్లో కూడా ఉన్నాయని వాడు చెబితే నాకు నమ్మబుద్ధి కాలేదు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కొంగారెడ్డిపల్లి, చిత్తూరు

జవాబు: నిజమేనమ్మా. 22 ఏళ్లు చిత్తూరు చుట్టుపక్కల పెళ్లిళ్లలో క్లారినెట్ వాయించినవాణ్ణి, ఈ ప్రశ్న చూడగానే ప్రాణం లేచొచ్చింది.

మీరు విన్నది 'బాందా' అయి ఉంటుంది. మెక్సికో పడమటి తీరంలోని సినలోవా రాష్ట్రం దాని పుట్టిల్లు. క్లారినెట్లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, 'తంబోరా' అనే పెద్ద డోలు, వీటన్నిటికీ అడుగున మందర స్వరం పలికే పెద్ద ఇత్తడి బాకా, ట్యూబా. మనకు బ్యాండు బ్రిటిష్ పటాలాల నుంచి వచ్చింది. అక్కడ కూడా సైనిక బ్యాండ్ల నుంచే ఊళ్లలోకి దిగింది.

సినలోవాలోని మసత్లాన్ పట్టణం దగ్గర ఎల్ రెకోదో అని ఒక పల్లె. 1938లో క్రూజ్ లిసారగా అనే క్లారినెట్ వాద్యకారుడు అక్కడ బ్యాండు పెట్టాడు. పందిని అమ్మి ఆ క్లారినెట్ కొన్నాడని చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నా మొదటి క్లారినెట్ గుర్తొస్తుంది. మా అమ్మ పాడి ఆవును అమ్మి కొనిచ్చింది. తెల్లవారుజాము ముహూర్తాలకు చలిలో నిలబడి, రీడు నోట్లో తడుపుకుని, కింది పెదవిని పళ్ల మీదికి మడిచి ఊదితే సాయంత్రానికి పెదవి లోపల పుండు. భోజనానికి చివరి బంతిలో కూర్చోబెట్టేవాళ్లు. ఎల్ రెకోదో బ్యాండు మాత్రం రికార్డులు చేసింది, దేశదేశాలు తిరిగింది, ఈనాటికీ వాయిస్తోంది.

'రీజనల్ మెక్సికన్' అనేది అమెరికా రేడియోలు, రికార్డు కంపెనీలు పెట్టుకున్న పేరు. వయొలిన్లు, గిటార్లు, ట్రంపెట్ల మేళమైన మరియాచీ, మనం చెప్పుకున్న బాందా, ఉత్తర మెక్సికో పాటలైన నోర్తేన్యో అన్నీ అందులోనే. నోర్తేన్యోకి అకార్డియన్ ప్రాణం. మన హార్మోనియంలాగే గాలి తగిలి లోపలి రేకులు మోగుతాయి. జర్మన్ వలసదారులు దాన్ని అమెరికా-మెక్సికో సరిహద్దు ప్రాంతానికి తెచ్చారు. ఈ కోవలో లోస్ తిగ్రెస్ దెల్ నోర్తే అనే బృందానిది పెద్ద పేరు. సినలోవా పల్లె నుంచి కుర్రవాళ్లుగా కాలిఫోర్నియా చేరి, వలస కూలీల బతుకులను పాటలుగా రికార్డు చేశారు. అలాంటి కథాగీతాన్ని 'కొరీదో' అంటారు. మన బుర్రకథలాగే అందులో ఒక మనిషి, ఒక ఊరు, ఒక సంఘటన ఉంటాయి. లోస్ తిగ్రెస్ వాళ్లకు అమెరికా సంగీత పురస్కారాలైన గ్రామీలు కూడా వచ్చాయి.

ఇక చార్టుల సంగతి. బిల్‌బోర్డ్ అనే సంగీత పత్రిక వేసే 'హాట్ 100' జాబితా, ఏ పాటను ఎక్కువ మంది వింటున్నారో అమెరికా మొత్తానికి లెక్క. 2023లో ఎస్లబోన్ అర్మాదో బృందం, గాయకుడు పెసో ప్లూమా కలిసి పాడిన 'ఎయా బైలా సోలా' అందులో 4వ స్థానానికి ఎక్కింది. రీజనల్ మెక్సికన్ పాట మొదటి పదిలోకి రావడం అదే మొదటిసారి. ఆ ఏడాదే టెక్సాస్ సరిహద్దు కుర్రాళ్లు గ్రూపో ఫ్రొంతేరా, ప్యూర్టోరికో గాయకుడు బ్యాడ్ బన్నీతో కలిసి చేసిన పాట 5వ స్థానం దాకా వెళ్లింది. ఇంగ్లీషు కోసం భాష మార్చుకోలేదు, స్పానిష్‌లోనే పాడారు. 2013 నుంచి 2026 జనవరి దాకా యూట్యూబ్‌లో విన్నదీ ఆ లెక్కలోకి వచ్చేది. అంటే అప్పట్లో మీ అబ్బాయి పక్కింటివాళ్లు ఫోన్‌లో యూట్యూబ్ పెట్టుకుని విన్న పాట కూడా ఓటే.

ప్రశ్న: స్పానిష్ రాకపోయినా ఈ పాటలు ఆనందించగలమా?
– ఒక డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: గంగమ్మ జాతరలో పలకల మోతకు అర్థం ఎవరినైనా అడిగావా నాయనా? మొదటిసారి పాటగాణ్ణి వదిలేసి ట్యూబా ఒక్కదాన్నే పట్టుకో. ఫోన్ స్పీకర్లో అది సరిగా వినపడదు, ఇయర్‌ఫోన్లు పెట్టుకో. రెండోసారి క్లారినెట్లు విను. ట్రంపెట్లు ఆగిన చోట అవి ఎలా అందుకుంటాయో చూసి నాకు రాయి.