నెలసరికి ముందే ఫిట్స్ ఎందుకు వస్తున్నాయి?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఫిట్స్‌కి లెవిటిరాసెటమ్ 500 ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నాను. అయినా నెలసరికి ఒకట్రెండు రోజుల ముందు వస్తున్నాయి. మెదడులో తయారయ్యే స్టెరాయిడ్లు తగ్గడమే కారణమని చదివాను. స్టెరాయిడ్ మాత్రలు వాడొచ్చా?
– ఒక సోదరి

జవాబు: స్టెరాయిడ్ మాత్రలు వద్దమ్మా. ఆస్తమాకు రాసే ప్రెడ్నిసొలోన్ వేరు, మీరు చదివిన స్టెరాయిడ్ వేరు.

అండాశయాల నుంచి వచ్చే ప్రొజెస్టిరాన్‌ను మెదడు అల్లోప్రెగ్ననొలోన్‌గా మార్చుకుంటుంది. మరికొంతను కొలెస్ట్రాల్ నుంచి తానే తయారుచేసుకుంటుంది. ఇలాంటివాటికి 1980లలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఎతియెన్ బొలియూ న్యూరోస్టెరాయిడ్లని పేరు పెట్టారు. ఈ అల్లోప్రెగ్ననొలోన్ నాడీకణాల మీదున్న గాబా (మెదడును శాంతపరిచే రసాయనం) గ్రాహకాలకు అతుక్కుని, క్లోరైడ్ లోపలికి ఎక్కువగా వచ్చేలా చేస్తుంది. అప్పుడు కణం ఊరికే రెచ్చిపోదు. నెలసరి దగ్గరపడగానే ప్రొజెస్టిరాన్ గబుక్కున పడిపోతుంది, దాంతో ఈ కాపలా కూడా పోతుంది. రోజూ మద్యం తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చేది కూడా దాదాపు ఇలాగే.

మీది ఇదేనా అన్నది తేలాలంటే మూడు నెలల లెక్క కావాలి. రక్తస్రావం మొదలైన రోజును ఒకటో రోజుగా గుర్తుపెట్టండి. దానికి ముందు మూడు రోజులు, ఆ రోజుతో కలిపి మరో మూడు రోజులు, మొత్తం ఆరు రోజులు. మిగతా నెలతో పోలిస్తే ఆ ఆరు రోజుల్లో ఫిట్స్ రోజు సగటున దాదాపు రెట్టింపు ఉంటే అనుమానం బలపడుతుంది. మాత్ర మరిచిన రోజు, నైట్ షిఫ్ట్‌లో నిద్ర చాలని రోజు కూడా పక్కనే రాయండి. అవి రాయకపోతే తప్పంతా హార్మోన్ల మీదకే పోతుంది.

ఆ కాగితం న్యూరాలజిస్టుకు చూపించండి. మెదడు, నరాల వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ మీరుండే బెంగళూరులోనే ఉంది. నెలసరి క్రమంగా వస్తుంటే ఆ కొద్ది రోజులకే క్లోబజామ్ అనే ఫిట్స్ మందు రాయొచ్చు. సహజ ప్రొజెస్టిరాన్ అందరికీ పనిచేయదు. 2012లో వెలువడిన అమెరికా పరిశోధనలో మొత్తమ్మీద తేడా కనిపించలేదు, నెలసరి చుట్టూ ఫిట్స్ బాగా గుమిగూడినవాళ్లకే మేలు కనిపించింది. వ్రతానికో పెళ్లికో నెలసరి వాయిదా వేసే నోరెథిస్టెరాన్ బిళ్లలు దీనికి బదులు కావు, అవి అల్లోప్రెగ్ననొలోన్‌గా మారవు. లెవిటిరాసెటమ్ మాత్రం మీ అంతట మీరు పెంచొద్దు, ఆపొద్దు. పిల్లల ఆలోచన ఉంటే ముందే చెప్పండి, మందుల ఎంపిక దాన్నిబట్టే ఉంటుంది.

రూమ్మేట్స్‌కి ఇప్పుడే చెప్పి ఉంచండి: ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.