టాపు వేసి కూర్చుని చూడు

ఒరేయ్ చిన్నోడా,

నువ్వు మియాటా కొంటున్నావని, అదే, గుడ్డ టాపు తీసి నడిపే ఆ మజ్దా వాళ్ల రెండు సీట్ల చిన్న కారు, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముందు నవ్వొచ్చింది. 6 అడుగుల 3 అంగుళాల పొడుగు, 115 కిలోల బరువు, మా వైపు ఒడ్డూ పొడుగూ అంతా నీకే వచ్చింది కదరా! తర్వాత గర్వంగా అనిపించింది. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. స్పీడుకి కాదు నా భయం, నీ మోకాళ్లకి.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ఎక్కేటప్పుడు పిరుదులు ముందు, కాళ్లు తర్వాత. బెల్టు బొజ్జ మీద కాదు, దాని కిందుగా తుంటి ఎముకల మీదుగా రావాలి. టైర్లలో గాలి వారం వారం చూసుకో.

ఇక నా సంగతి. నా తొలి రెండు సీట్ల బండి కొన్నరోజు టాపు తీసి ఉంది. కూర్చున్నాను. మోకాళ్లు స్టీరింగుకి తగులుతూనే ఉన్నాయి. "సరిపోయిందా సార్?" అన్నాడు అమ్మే కుర్రాడు. పక్కన ఇద్దరు నవ్వు ఆపుకుంటున్నారు. "భేషుగ్గా ఉంది" అన్నాను. నా ఒళ్లు చూసి నేనే సిగ్గుపడి ఆడిన అబద్ధం అది.

నాలుగు రోజులకి వాన పట్టుకుంది. టాపు వేస్తే తల గుడ్డకి ఆనింది. సీటు వెనక్కి వాల్చి నడుము ముందుకి జార్చాను. తలకి చోటు దొరికింది, మోకాళ్లు ఇంకా పైకొచ్చాయి. ఒక మలుపులో స్టీరింగు తిప్పుతుంటే చెయ్యి తొడకీ చక్రానికీ మధ్య ఇరుక్కుపోయింది. బ్రేకు తొక్కాను. వెడల్పు బూటు, అంచు యాక్సిలరేటర్ మీద కూడా పడింది. బండి గోలపెట్టి రోడ్డు దిగి గడ్డిలోకి పోయింది. బంపరు తప్ప ఏమీ పోలేదు. పక్క సీట్లో మీ అమ్మ ఉంది. అప్పటికి నువ్వు పుట్టలేదు. ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు, తర్వాతా ఎత్తలేదు. ఇప్పుడు నాకెందుకు ఫోన్ చేసిందో నాకు తెలుసు.

అందుకని, వెధవా, టాపు వేసి, నువ్వు రోజూ నడిపే బూట్లతో అరగంట కూర్చో. క్లచ్ తొక్కుతూ వదులుతూ స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పు. ఎక్కడ తగిలినా వద్దను. ఎవరు నవ్వినా నవ్వనీ. రొమ్ము ఎముకకీ స్టీరింగు నడిమికీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు, జానెడు పైచిలుకు, ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి ఆ చోటు కావాలి.

ఏ సంవత్సరం మోడలో కూడా చూసుకో. 1989లో వచ్చిన మొదటి తరంలో స్టీరింగు కదలనే కదలదు. 2015లో వచ్చిన తరంలో మొదట్లో పైకీ కిందకీ మాత్రమే. 2019 మోడల్ నుంచి ముందుకీ వెనక్కీ కూడా జరుగుతుంది. మనలాంటి వాళ్లకి అది పెద్ద వరం. పాత బళ్లకి సీటు కవరు విప్పి స్పాంజి కోయించుకుని ఓ అంగుళం కిందకి దిగేవాళ్లున్నారు. తెలిసిన చేత్తో చేయించుకుంటే మంచి పనే, నువ్వు మాత్రం కత్తి పట్టకు.

బండి సుమారు 1,000 కిలోలు. పెద్ద కారుకి నీ బరువు లెక్కలోకి రాదు గానీ, దీనికి నువ్వు పదో వంతు పైనే. నువ్వు కూర్చున్న వైపు కాస్త కుంగుతుంది, ఎవరో తేలికైనవాడు నడిపి మెచ్చుకున్న బండి నీ కింద ఇంకోలా తిరుగుతుంది. చక్రాల అలైన్‌మెంట్ చేయించేటప్పుడు నువ్వు సీట్లోనే కూర్చో. మెకానిక్ విసుక్కుంటే నా పేరు చెప్పి తిట్టించుకో.

కొన్నాక ముందు మీ అమ్మని ఎక్కించు, టాపు తీసి, మెల్లగా. నన్ను తర్వాత చూద్దాం. మనిద్దరం కలిసి ఎక్కితే బండిలో పావు వంతు మనమే అవుతాం.

నీ మామయ్య