డెయిరీ నీళ్లలో రాగి, జింకు: గుర్రపుడెక్క ఎందుకు చచ్చింది?

అన్నా, హోస్కోటె దగ్గర మీ ఆవుల షెడ్డు కడిగిన నీళ్ల టెస్టులో రాగి, జింకు ఎక్కువొచ్చాయని, వాటిని పీల్చుకుంటుందని గుంటలో వేసిన గుర్రపుడెక్క వారంలోనే పసుపెక్కి చచ్చిందని రాశారు కదా. దాన్ని చంపింది రాగి కాకపోవచ్చు, అమ్మోనియా అయ్యుంటుంది. పేడ, మూత్రం కలిసిన పచ్చి నీళ్లను ఈ మొక్కలు తట్టుకోలేవు. ముందు ఒక తొట్టిలో నాలుగైదు రోజులు కదపకుండా ఉంచండి. లోహాల్లో చాలా భాగం మడ్డితోపాటే అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీటికి మంచినీళ్లు కలిపి పలచన చేశాకే మొక్కలు వేయండి.

లోహం మాయమైపోదన్నా, ఎక్కువగా వేళ్లలోకి చేరుతుంది, అంతే. కుళ్లకముందే మొక్కలు తీసేయాలి, లేకపోతే అది మళ్లీ నీళ్లలోకే వస్తుంది. తీసినవి ఆవులకు వేయొద్దు, ఆకుకూరల మడికి ఎరువుగానూ వద్దు. మేతకని నీళ్లలో పెంచే అజొల్లా అయినా ఇంతే, ఆ గుంటలో పెంచింది మేతకు పనికిరాదు. ఒక్క మొక్క కూడా బయటి చెరువులోకి పోనివ్వకండి, గుర్రపుడెక్క కమ్మేసిన బెంగళూరు బెళ్లందూరు చెరువు గతి చూశారుగా!

ఇంతకీ గిట్టల జబ్బుకని మైలుతుత్తం (రాగి ఉండే కాపర్ సల్ఫేట్) నీళ్లలో ఆవుల్ని నడిపిస్తున్నారా? ఆ నీళ్లు గుంటలోకే పోతుంటే రాగి అక్కడిదే, ముందు దాన్ని వేరే తొట్టికి మళ్లించండి. జింకు సంగతికి, దాణాలో కలిపే మినరల్ మిక్చర్‌లో అది ఉంటుంది కాబట్టి, దాని మోతాదు ఒకసారి పశువుల డాక్టరుకు చూపించండి.