చెట్లు కొనేవాడితోనే చెట్లు లెక్కపెట్టించకండి

"లావువి మాత్రమే తీసుకుంటా, చిన్నవి మీకే వదిలేస్తా, అవి పదేళ్లలో మళ్లీ కోతకొస్తాయి అంటున్నాడు" అని మీ కలప వ్యాపారి మాట రాశారు చూడండి, అది చదవగానే ఒళ్లు మండింది. మీ మీద కాదు. అచ్చంగా ఇదే మాట పన్నెండేళ్ల కిందట నాకూ ఒకాయన చెప్పాడు. నేను తలూపాను. మీ నాన్న నుంచి వచ్చిన టేకు తోట అమ్మడానికి విడిగా ఫీజిచ్చి, చెట్లు కొలిచి సలహా చెప్పే ఫారెస్ట్రీ కన్సల్టెంట్‌ను పెట్టుకోవడం దండగా అని కదా మీ ప్రశ్న. దండగ కాదు. కాకపోతే నేను పిలిచింది అమ్మకం అయిపోయిన రెండేళ్లకు, దొంగలు పడ్డ ఆర్నెల్లకు అన్నట్టు.

మాదీ నాన్న వేసిన తోటే. అప్పటికి ఇరవై రెండేళ్లు. వ్యాపారి సాయంత్రం పూట వచ్చి అటూ ఇటూ తిరిగి, నాలుగు చెట్లకు టేపు చుట్టి, మిగతావి చూపుతోనే కొలిచేసి గంపగుత్తగా ఒక అంకె చెప్పాడు. నేను అంతకుముందు మనసులో అనుకున్నదానికంటే అది ఎక్కువే ఉండేసరికి నోరు మూసుకున్నాను. అనుకున్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఎక్కడి నుంచీ రాలేదు. గాల్లోంచి తీసిన లెక్క నాది, వాడిది ముప్పై ఏళ్ల అనుభవం. బేరం ఎలా తెగుతుందో మీరే ఊహించుకోండి.

కోతకు వారం పట్టింది. మధ్యలో వాన పడింది. తడి నేలలోనే ట్రాక్టర్‌తో దుంగలు లాగారు, ఒకే దారిన కాకుండా ఎటు వీలైతే అటు. బరువైన బండి మొదటి నాలుగైదు సార్లు తిరగడంలోనే నేల నొక్కుకుపోవడం చాలావరకు జరిగిపోతుందట, అందుకే ముందే ఒక దారి గీసి అందులోనే తిప్పించాలట. ఇది నాకు ఎవరు చెప్పాలి? ఆ గాడుల్లో ఇప్పటికీ నీళ్లు నిలుస్తాయి.

అసలు సంగతికి వస్తా. మిగిలిన చిన్న చెట్లు పెరుగుతాయని రెండేళ్లు చూశాను. లావెక్కలేదు సరికదా, మాను పొడవునా ఎక్కడ పడితే అక్కడ పిచ్చి చిగుళ్లు వచ్చాయి. చుట్టూ నీడనిచ్చిన చెట్లు పోయి ఎండ ఒక్కసారిగా మీద పడితే టేకు అలాగే చేస్తుందని, ఆ చిగుళ్లే కొమ్మలై రేపు కలపలో ముడులవుతాయని తర్వాత తెలిసింది. ఒక గాలివానకు నాలుగు చెట్లు పడిపోయాయి కూడా. అప్పుడు ఒక బంధువు పోరగా పోరగా ఫారెస్ట్రీ చదివి రిటైరైన ఒకాయనను పిలిపించాను.

ఆయన రాగానే చేసిన పని చూసి నాకు అనుమానం వచ్చింది. దారానికి కట్టిన చిన్న రేకు ముక్క ఒకటి తీసి, దారం కొస గడ్డం దగ్గర పట్టుకుని, ఒకే చోట నిలబడి గుండ్రంగా తిరుగుతూ ఏదో గొణుక్కుంటున్నాడు. మంత్రం వేస్తున్నాడా అనుకున్నా. లెక్కపెడుతున్నాడు. రేకు వెడల్పు కంటే లావుగా కనిపించిన చెట్టును లెక్కలోకి తీసుకుంటాడు, సన్నగా కనిపిస్తే వదిలేస్తాడు, ఒక్క చుట్టు తిరిగితే హెక్టారులోని మానులన్నీ అడ్డంగా కోస్తే కనిపించే ముఖాల మొత్తం వైశాల్యం ఎంతో వచ్చేస్తుంది. 1940ల చివర్లో వాల్టర్ బిట్టర్లిష్ అనే ఆస్ట్రియా ఫారెస్టర్ కనిపెట్టిన పద్ధతట. తోటలో నాలుగైదు చోట్ల అలా తిరిగాడు. ఒక్క చెట్టునూ ముట్టుకోలేదు!

తర్వాత పడిపోయిన చిన్న చెట్టు ఒకదాన్ని మొదలు దగ్గర అడ్డంగా కోయించాడు. కోసిన ముఖం మీద సీసాలో నీళ్లు పోసి అరచేత్తో రుద్దాడు. పొడిగా ఉన్నప్పుడు ఏమీ కనిపించలేదు, తడిసేసరికి వలయాలు తేలాయి. జేబులోంచి గుండుసూది తీసి, నడిమధ్య నుంచి ఒక్కో వలయం మీద గుచ్చుకుంటూ నాతో పైకి లెక్కపెట్టించాడు. బయటి వలయాలు ఎంత దగ్గరగా ఉన్నాయంటే అద్దం పెట్టుకోవాల్సి వచ్చింది. ఇరవై నాలుగు. అక్కడి నుంచి రెండేళ్ల కిందట నరికించిన లావు చెట్టు మొదలు దగ్గరికి తీసుకెళ్లి, పైన పట్టిన మట్టి గీకించి, అదీ లెక్కపెట్టించాడు. ఇరవై రెండు. "ఇప్పుడు చెప్పండి, ఏది పెద్దది?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ మొక్కలన్నీ నాన్న ఒకే వానాకాలంలో నాటాడు. నీళ్లు మోసింది నేనే! అన్నీ ఒకే ఈడువని నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అయినా "చిన్నవి" అనగానే పిల్లలు అనుకున్నాను, ఎదుగుతాయనుకున్నాను. అవి పిల్లలు కావు, ఇరవై రెండేళ్ల పోటీలో వెలుగుకోసం ఓడిపోయినవి. గెలిచినవాటిని అమ్మేసుకుని ఓడినవాటిని పెంచుకుంటున్నాను రెండేళ్లుగా. మంచివి ఏరుకుని నాసివి వదిలేయడం కలప వ్యాపారంలో ప్రపంచమంతా ఉన్నదేనట, దాన్ని తోటకు మేలు చేస్తున్నట్టు చెప్పడమూ ఉన్నదేనట.

ఆ లావు చెట్టు మొదలు మీదే ఇంకోటి చూపించాడు. నడుమ తొమ్మిది వలయాలు వెడల్పుగా, దర్జాగా ఉన్నాయి, ఆ తర్వాతివన్నీ ఇరుకు. తొమ్మిదో ఏటికల్లా కొమ్మలు కొమ్మలు రాసుకోవడం మొదలైందన్నమాట. టేకును దగ్గరదగ్గరగా నాటేదే తర్వాత పలుచన చేస్తామని, మామూలుగా ఐదో ఏట ఒకసారి, పదో ఏట ఒకసారి. నాన్న ఒక్కటీ కొట్టనివ్వలేదు. "పెంచిన చెయ్యి నరుకుతుందా" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గొప్పగా ఉండేది. ఆ ప్రేమ ఖరీదు వలయాల్లో కనిపిస్తోంది.

ఈ సందర్భంగా ఇంకో కడుపుమంట. ఎకరాకు వెయ్యి టేకు మొక్కలు, ఇరవై ఏళ్లకు వెయ్యి చెట్లు, చెట్టుకింత, మొత్తం ఇంత అని వీడియోల్లో లెక్కలు చెప్పేవాళ్లను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. రెండు మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు వెయ్యి పడతాయి, నిజమే. చివరికి లావెక్కి నిలవాల్సినవి అందులో ఐదో వంతు కూడా ఉండవు. వెయ్యీ ఉంచితే వెయ్యి వాసాలు వస్తాయి. పైగా కుర్ర టేకులో తెల్ల చెక్కే ఎక్కువ, చేవ, అంటే నడిమి గట్టి చెక్క, సన్నగా ఉంటుంది. వడ్రంగి డబ్బులిచ్చేది చేవకు.

కొలతల సంగతి కూడా తెలుసుకోండి. చాలాచోట్ల దుంగను పావు చుట్టుకొలత పద్ధతిలో కొలుస్తారు, చుట్టుకొలతను నాలుగుతో భాగించి, దాన్ని దానితోనే హెచ్చించి, పొడవుతో గుణిస్తారు. గుండ్రటి దుంగలో నిజంగా ఉండే ఘనపరిమాణంలో అది దాదాపు 78.5 శాతమే చూపిస్తుంది. ఇది మోసం కాదు, చెక్కితే పోయే వృథాను ముందే తీసేసే పాత పద్ధతి, ధర కూడా దాని ప్రకారమే ఉంటుంది. ఇబ్బంది ఎక్కడంటే మీరు ఒక లెక్కలో అంచనా వేసుకుని వాడు ఇంకో లెక్కలో కొన్నప్పుడు. బెరడుతో కలిపి కొలుస్తున్నారా, బెరడు తీసేసా? మధ్యలో కొలుస్తున్నారా, సన్న కొసలోనా? ఇవి అడగడం నాకు చేతకాలేదు. అడిగే మనిషికే మీరు ఫీజిచ్చేది.

ఫీజు మాత్రం అమ్మకంలో శాతం లెక్కన ఒప్పుకోకండి. ఎంత ఎక్కువ నరికితే అంత వస్తుందంటే ఎంత పెద్దమనిషి చెయ్యైనా గొడ్డలి వైపే వెళ్తుంది. శాతం మీద పనిచేసే నిజాయితీపరులూ ఉన్నారంటారు, ఉండొచ్చు, నేను మాత్రం రోజు లెక్కనే ఇస్తాను. వ్యాపారి "మా కన్సల్టెంట్‌ను ఉచితంగా పంపిస్తాం" అంటే మర్యాదగా వద్దనండి. పెళ్లికొడుకు వైపు వాళ్లే మీ తరఫున కట్నం మాట్లాడినట్టుంటుంది.

ఆయన దగ్గర నేర్చుకున్న చిన్న కిటుకు ఒకటి. నరకాల్సిన చెట్టుకు రెండు చోట్ల రంగు వేయించండి, ఒకటి ఛాతీ ఎత్తులో, రెండోది నేలకు ఆనుకుని, గొడ్డలి తగిలే చోటుకి కిందుగా. పైది దుంగతో పాటు లారీ ఎక్కిపోతుంది. కిందిది మొదలు మీదే ఉంటుంది. రంగు లేని మొదలు కనిపించిందంటే అది మీరు అమ్మని చెట్టు. నా తోటలో అలాంటివి ఎన్ని ఉండేవో ఇక తేలే లెక్క కాదు.

మా తోట ఏమైందంటారా, మిగిలినవాటిని నేలమట్టంగా కొట్టించి పిలకలు రానివ్వమన్నాడు. టేకు మొదలు నుంచి బాగా చిగురిస్తుంది, ఏడాది తిరిగేసరికి పిలకలు నా తల దాటాయి. ఒక్కో మొదలుకు బలమైన పిలక ఒక్కటే ఉంచి మిగతావి తీసేయమన్నాడు. కత్తి పట్టుకుని వెళ్లి, సగం తీసి, చెయ్యి రాక వచ్చేశాను. నాన్న పోలిక. మిగతా సగం మా ఆవిడ తీసింది.

మీవి అన్నీ ఒకే ఏడాది నాటినవా, విడతలుగా నాటినవా అన్నది రాయలేదు. విడతలుగా అయితే చిన్నవాటిలో నిజంగా చిన్నవి ఉండొచ్చు, అప్పుడు లెక్క వేరు. అది తేలేదాకా ఆ వ్యాపారి దగ్గర అడ్వాన్స్ మాత్రం పుచ్చుకోకండి.