ఊపిరి పీలుస్తూ ముల్లు చూడు

చిన్నా,

నీకు డైవింగ్ సర్టిఫికెట్ వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెబితే పొంగిపోయాను. వచ్చే వారమే 30 మీటర్ల లోతులో మునిగి ఉన్న ఓడను చూడటానికి దిగుతున్నావని ఆ వెంటనే చెప్పింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మొదటి కోర్సుతో నీకు దక్కింది 18 మీటర్ల వరకే. ఆ మాట వాళ్లు చెప్పలేదా, చెప్పినా నువ్వు వినలేదా? ఓడ ఎక్కడికీ పోదు. ఆ లోతుకు కావలసిన శిక్షణ తీసుకుని అప్పుడు వెళ్లు. ఈసారికి 18 దాటొద్దు. దీని మీద వాదన పెట్టుకోకు.

ఇక అసలు సంగతి. లోతు, సమయం, గాలి అని మూడు అంకెలు నేర్పి ఉంటారు. కొత్తవాళ్లు వాటిని విడివిడిగా చూస్తారు. లోతు మారిందంటే మిగతా రెండూ మారిపోయినట్టే. 11 లీటర్ల సిలిండర్‌లో గాలిని 200 బార్ పీడనంతో నింపారనుకో. ఆపదకని తాకకుండా ఉంచాల్సిన 50 బార్ పక్కన పెడితే నీ చేతిలో ఉన్నది 1,650 లీటర్ల గాలి. ఒడ్డున నువ్వు నిమిషానికి 20 లీటర్లు పీలుస్తావనుకుంటే, 10 మీటర్ల దగ్గర పీడనం రెట్టింపు కాబట్టి 40 లీటర్లు పడుతుంది. అంటే దాదాపు 41 నిమిషాలు. నువ్వు మోజుపడ్డ 30 మీటర్ల దగ్గర పీడనం నాలుగింతలు. అక్కడ ఆ గాలి 20 నిమిషాలకే సరి. దిగడానికి, పైకి రావడానికి పట్టేది కూడా అందులోంచే పోవాలి. భయంతోనో చలితోనో ఊపిరి వేగం పెరిగితే ఈ లెక్క కూడా నిలవదు. అందుకే సిలిండర్‌లో మిగిలిన గాలిని ముల్లుతో చూపే గేజ్‌లో బార్లు చూసి ఊరుకోకు, అవి ఎన్ని నిమిషాలో మనసులో లెక్కగట్టు. గేజ్ చేతిలోకి తీసుకునే ముందు అంకె ఎంత ఉంటుందో ఊహించు. నీ ఊహకూ ముల్లుకూ పెద్ద తేడా వస్తే ఆగు. నువ్వు తప్పు ఊహించావా, గాలి ఎక్కడైనా పోతోందా అన్నది అక్కడే తేల్చుకో.

నా భయం మాత్రం ఇది కాదు. ముల్లు అబద్ధం చెప్పడం.

చాలా ఏళ్లు నాతో జోడీగా దిగిన ఒకామె ఉండేది. నాకంటే జాగ్రత్త మనిషి. ఒకసారి పడవ మీద అన్నీ సరిచూసుకుని దూకబోతుంటే, సాయానికి వచ్చిన కుర్రాడు చివరిసారిగా ఆమె సిలిండర్ వాల్వ్ మీద చెయ్యి వేశాడు. వాల్వ్ పూర్తిగా తెరిచి పావు చుట్టు వెనక్కి తిప్పడం ఆ రోజుల్లో అలవాటు. అతను తిప్పింది తిరగవలసిన వైపు కాదు. పూర్తిగా మూసి, పావు చుట్టు తెరిచాడు. ఆమె గేజ్ చూసుకుంది. 200. దూకింది.

పడవ మీద, పైపై నీళ్లలో ఆ సందులోంచి వచ్చే గాలి సరిపోయింది. లోతుకు వెళ్లే కొద్దీ ఒక్కో ఊపిరికి ఎక్కువ గాలి కావాలి కదా, 20 మీటర్లు దాటాక అందలేదు. ఆమె గేజ్ చూసింది, 170 ఉంది. మళ్లీ చూసింది. ఇంత గాలి ఉండగా ఎందుకు అందడం లేదో ఆమెకు అర్థం కాలేదు. నా భుజం పట్టుకుని నోటి వైపు చూపించింది. అద్దం వెనుక ఆ కళ్లు ఇప్పటికీ నాకు కనిపిస్తాయి. ఆమె గేజ్ నా చేతిలోకి తీసుకున్నాను. పీల్చగానే ముల్లు గభాలున కిందికి పడిపోయింది. పీల్చడం ఆపగానే మెల్లగా లేచి మళ్లీ 170 దగ్గర నిలబడింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య చూస్తే అంతా సవ్యంగానే ఉన్నట్టు లెక్క! నా సిలిండర్ గాలిని నోటికి అందించే అదనపు రెగ్యులేటర్ ఆమె నోటికి అందించి, ఆమె మెడ వెనక్కి చెయ్యి పెట్టి వాల్వ్ తెరిచాను. ఇద్దరం చేతులు పట్టుకుని నెమ్మదిగా పైకి వచ్చాం. పడవెక్కాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ కుర్రాడిని మాత్రం ఒక్క మాట అనలేదు. నేను అన్నాను, బాగానే అన్నాను.

కాబట్టి నీళ్లలోకి దూకే ముందు రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండా నిండుగా నాలుగైదు సార్లు పీల్చు. ముల్లు కదలకూడదు. వణికినా వాల్వ్ మళ్లీ చూసుకో. ఆ తర్వాత ఎవరైనా, ఎంత పెద్ద ఇన్‌స్ట్రక్టరైనా, నీ వాల్వ్ ముట్టుకుంటే మొదటి నుంచి మళ్లీ పరీక్షించు. మొహమాటపడకు. చిన్నప్పటి నుంచీ నీ జబ్బు అదే, ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అని.

మిగతావి నీకు తెలిసినవే. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లు మించకు, ఊపిరి బిగబట్టకు. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగు. జోడీని గాలి ఎంతుందని అడుగుతూ ఉండు. ఇద్దరిలో ఎవరిది ముందు తగ్గితే వాళ్ల లెక్కే ఇద్దరికీ. లోతు, సమయం చూసి ఒంట్లో ఎంత నత్రజని చేరిందో లెక్కగట్టే డైవ్ కంప్యూటర్ అద్దెకు తీసుకున్నా సరే, నీది నీకుండాలి. జోడీ కంప్యూటర్ చూసి నడుచుకుంటే లాభం లేదు, అతను నీకంటే రెండు మీటర్లు పైన తిరిగి ఉంటాడు, నీ ఒంట్లో చేరిన నత్రజని దానికి తెలియదు.

దిగేటప్పుడు నువ్వు తొందరపడవని నాకు తెలుసు. ఈత నేర్పినప్పుడు కూడా మెట్టు మెట్టుకూ ఆగి నా వైపు చూసేవాడివి. తొందరంతా తిరుగు ప్రయాణంలోనే. చివరి డైవ్ రోజు సాయంత్రానికే విమానం టికెట్టు తీశావట! వరసగా రోజుల తరబడి దిగాక, ఒంట్లో చేరిన ఆ నత్రజని బయటికి పోవాలి కాబట్టి, విమానం ఎక్కాలంటే కనీసం 18 గంటలు ఆగాలి. టికెట్టు మర్నాటికి మార్పించి నాకు ఫోను చెయ్యి. డబ్బు తేడా పడితే నేనిస్తాను, మీ అమ్మకు చెప్పకు.

మీ పిన్ని