స్లీప్ ఆప్నియాకి దవడ సర్జరీ డేట్ ఇచ్చారు, ఈ మూడు నెలల్లో ఏం చేసుకోవాలి?

మీరు రాసింది ఇదీ: తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి మళ్లీ మళ్లీ ఆగే జబ్బు, గొంతు మూసుకుపోకుండా ఒత్తిడితో గాలి పంపే సీపాప్ మిషన్ మాస్కుతో రెండేళ్లు కుస్తీ పట్టి విసిగిపోయారు, పై దవడ, కింది దవడ రెండూ ముందుకు జరిపే సర్జరీకి ఒప్పుకున్నారు, ఇంకో మూడు నెలల్లో ఆపరేషన్. వాపు గురించి, నొప్పి గురించి అందరూ చెబుతున్నారు గానీ ఎలా సిద్ధం కావాలో ఎవరూ చెప్పట్లేదు అన్నారు.

నాకు ఇదే సర్జరీ అయి రెండున్నరేళ్లు దాటింది. నేను డాక్టర్ని కాను. నాకు జరిగిందీ, నేను చేసిన తప్పులూ చెబుతాను. మందుల విషయంలో మాత్రం మీ డాక్టర్ల మాటే వినండి.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. నొప్పి గురించి ఎక్కువ ఆలోచించకండి, ఊపిరి గురించి ఆలోచించండి. నేను భయపడినంత నొప్పి లేదు. కింది పెదవి, గడ్డం, బుగ్గలు మొద్దుబారిపోయి ఉంటాయి, పైగా మందులు ఇస్తారు. నాకు చుక్కలు చూపించింది మొదటి నాలుగైదు రాత్రులు. ముక్కు పూర్తిగా దిబ్బడ, లోపల గడ్డకట్టిన రక్తం, పై పళ్లకీ కింది పళ్లకీ కలిపి బిగించిన రబ్బర్లు, అద్దంలో గుర్తుపట్టలేనంత వాచిన మొహం. ఏళ్ల తరబడి నిద్రలో ఊపిరాడక ఉలిక్కిపడి లేచిన మనిషిని తీసుకొచ్చి నోరు కట్టేసి పడుకోమంటే ఎలా ఉంటుంది? గాలి నిజానికి సరిపోతూనే ఉంది, వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటర్ 96, 97 శాతం చూపిస్తూనే ఉంది. అయినా మనసు ఒప్పుకోదు. రెండో రాత్రి నేను రబ్బర్లు పీకేయబోతే నర్సు చెయ్యి పట్టుకుని ఆపింది.

కాబట్టి ఇప్పటినుంచే ఒక పని చెయ్యండి. రోజూ పది నిమిషాలు, మెలకువగా ఉన్నప్పుడే, పళ్లు కరిచిపెట్టి పెదవులు మాత్రం కొంచెం తెరిచి నోటితో గాలి పీల్చండి. పళ్ల సందుల్లోంచి, చివరి పళ్ల వెనకనుంచి గాలి బాగానే వస్తుందని మీకే తెలుస్తుంది. ఆ సంగతి శరీరానికి ముందే తెలిసి ఉండటం వేరు, ఆపరేషన్ అయిన రాత్రి కొత్తగా తెలుసుకోవడం వేరు. నేను ఆపరేషన్‌కి రెండు వారాల ముందు మాత్రమే మొదలుపెట్టాను, ఇంకా ముందే చేసి ఉంటే బాగుండేది అనిపించింది. అలాగే వెల్లకిలా, తల 30 డిగ్రీలు ఎత్తులో పెట్టుకుని పడుకోవడం అలవాటు చేసుకోండి. వాపు తగ్గడానికి చాలా రోజులు అలాగే పడుకోమంటారు. పక్కకి తిరిగి పడుకునే అలవాటున్న వాళ్లకి ఇదొక పెద్ద శిక్ష.

రబ్బర్లా, తీగలా అన్నది కూడా సర్జన్ని అడగండి. ఇప్పుడు ఎముకల్ని చిన్న టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు కాబట్టి దవడలు తీగలతో కట్టేయడం తగ్గింది, ఎక్కువమందికి రబ్బర్లే. రబ్బర్లయితే కత్తెర, తీగలైతే కట్టర్ మంచం పక్కనే ఉండాలి. వాంతి వస్తే ఎక్కడ కత్తిరించాలో మీకే కాదు, ఇంట్లో మీతో ఉండేవాళ్లకీ చూపించమని అడగండి. నాకు ఆ కత్తెరతో పనే పడలేదు. కానీ అది దిండు పక్కన ఉందన్న ధైర్యంతోనే నిద్రపోయాను.

ఇక నా అసలు తప్పు. డేట్ ఇచ్చిన వారంలోనే సీపాప్ మిషన్ అటకెక్కించాను. ఎలాగూ సర్జరీతో పీడ విరగడవుతుంది కదా, ఇంకా ఈ గొట్టం ఎందుకు అనుకున్నాను. ఐదు వారాల తర్వాత మత్తు డాక్టర్ చెకప్‌కి వెళ్తే బీపీ 160/100. అంతకుముందు ఎప్పుడూ 135 దాటలేదు. స్లీప్ ఆప్నియాకి వైద్యం ఆగితే బీపీ పెరుగుతుందని నాకు తెలియక కాదు, బద్ధకం. సర్జరీ మూడు వారాలు వాయిదా పడింది, పెట్టుకున్న సెలవులన్నీ మళ్లీ మార్చుకోవాల్సి వచ్చింది. మీరు ఆ పని చెయ్యకండి. మాస్కు పడట్లేదంటే వేరే రకం మాస్కు అడగండి, ప్రెషర్ మార్చమని అడగండి, రాత్రికి మూడు నాలుగు గంటలైనా పెట్టుకోండి. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివాన్ బృందం ఈ పద్ధతి గురించి మొదటిసారి ప్రచురించింది. అంతవరకు తీవ్రంగా ఉన్నవాళ్లకి గొంతుకి రంధ్రం పెట్టడమే ప్రధానమైన దారి. అది చదివాక ఆ మిషన్ని తిట్టడం కొంచెం తగ్గించాను.

సర్జరీ తర్వాత సీపాప్ ఎప్పుడు పెట్టుకోవచ్చు అన్నది మాత్రం కచ్చితంగా అడిగి రాసుకోండి. పై దవడ కోసిన కొత్తలో ఒత్తిడితో గాలి పంపిస్తే అది చర్మం కిందికి, కణజాలంలోకి చేరే ప్రమాదం ఉంది. అందుకే సొంతంగా పెట్టేసుకోకూడదు. ముక్కు చీదకూడదనేది కూడా అందుకే. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మమంటారు. రబ్బర్లతో నోరు ఎంత తెరుచుకుంటుందో చూశాక నవ్వొస్తుంది, నవ్వితే నొప్పి!

మత్తు డాక్టర్ని కలిసినప్పుడు స్లీప్ ఆప్నియా ఉందని మీ నోటితో మీరే చెప్పండి. ఫైల్లో ఉంది కదా అనుకోకండి. కొన్ని బలమైన నొప్పి మందులు, నిద్రమాత్రలు ఊపిరిని మందగింపజేస్తాయి, మనలాంటివాళ్లకి అది ఇంకా ప్రమాదం. మొదటి రాత్రి ఎక్కడ ఉంచుతారు, ఆక్సిజన్ స్థాయి నిరంతరం గమనిస్తారా అని అడగడానికి మొహమాటపడొద్దు. రక్తం పలచబడే మందులు, ఆస్పిరిన్, మూలికా మందులు, విటమిన్ గోళీలు, ఏవి వాడుతున్నా అన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ఏది ఎప్పుడు ఆపాలో వాళ్లే చెబుతారు. సిగరెట్ ఉంటే ఈ రోజే ఆపెయ్యండి. నికోటిన్ రక్తనాళాల్ని కుదిస్తుంది, కోసిన ఎముక అతుక్కోవడానికి రక్తమే ఆధారం. నికోటిన్ గమ్ వాడుతున్నా ఆ మాట సర్జన్‌కి చెప్పండి.

మూడు నెలలే ఉన్నాయి కాబట్టి రేపే తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది: జ్ఞానదంతాలు. కింది దవడని నిలువుగా చీల్చి ముందుకు జరిపే చోటే అవి ఉంటాయి. చాలామంది సర్జన్లు ఆరు నెలల ముందే పీకించి ఎముక పూడాక కోస్తారు, కొందరు సర్జరీలోనే తీసేస్తారు. నాకు ఆరు నెలలు ఆగాల్సి వచ్చింది. మీ ఎక్స్‌రేలో అవి కనిపిస్తుండి, ఇంతవరకు ఎవరూ ఆ మాట ఎత్తకపోతే మీరే ఎత్తండి. క్లిప్పుల సంగతీ అంతే. కొందరికి ముందు ఏడాది పాటు క్లిప్పులు వేసి పళ్లు సర్దుతారు, కొందరికి సర్జరీ ముందు చేసి పళ్లు తర్వాత సర్దుతారు. మీకు ఏ దారో, ఎందుకో అడగండి.

అసలు ఈ సర్జరీ ఎలా పనిచేస్తుందో అర్థమైతే ఈ ప్రశ్నలు అడగడం తేలికవుతుంది. మెత్తని అంగిలి పై దవడకి వేలాడుతుంది, నాలుక కండరం కింది దవడ లోపలివైపు గడ్డం దగ్గర అతుక్కుని ఉంటుంది. రెండు ఎముకల్నీ దాదాపు 10 మిల్లీమీటర్లు ముందుకు తెస్తే అవీ వెంట వస్తాయి, వాటి వెనక గాలి దారి వెడల్పవుతుంది. నా ఆపరేషన్ కాగితంలో లఫోర్ 1 అని ఉంటే ఇదేదో మందు పేరనుకున్నాను. మొహం ఎముకలు దెబ్బ తగిలితే ఏ గీతల వెంట విరుగుతాయో 1901లో వివరించిన ఫ్రెంచ్ సర్జన్ రెనే లఫోర్ పేరు మీద పై దవడ కోతకి పెట్టిన పేరట అది. ఆయన విరిగే గీతని చెబితే, ఇప్పటి సర్జన్లు కావాలని ఆ గీత వెంటే కోస్తున్నారు.

ఫలితం గురించి కూడా మనసు ముందే సిద్ధం చేసుకోవాలి. ఏహెచ్‌ఐ అంటే గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్న లెక్క. 30 దాటితే తీవ్రం. ఈ సర్జరీ సక్సెస్ అయ్యిందని వైద్యులు సాధారణంగా ఎప్పుడంటారంటే, ఆ లెక్క కనీసం సగానికి తగ్గి 20 లోపుకి వచ్చినప్పుడు. ఆ కొలతతో సుమారు 85 శాతం మందికి ఫలిస్తుంది. పూర్తిగా మామూలు మనిషిలా 5 లోపుకి వచ్చేవాళ్లు దాదాపు 40 శాతం. ఈ రెండు అంకెల మధ్య తేడా నాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. నాది 47 నుంచి 6కి వచ్చింది. అది 5 కాదే అని ఒక పూట దిగులుపడ్డాను, ఎంత తెలివితక్కువతనమో చూడండి. మీ స్లీప్ స్టడీ పాతదైతే, మధ్యలో బరువు మారి ఉంటే, సర్జరీకి ముందు కొత్తది చేయించమని అడగండి. ముందు అంకె సరిగ్గా లేకపోతే తర్వాత అంకెని దేంతో పోల్చుకుంటారు? కొంచెం మత్తిచ్చి నిద్రపుచ్చి, ముక్కులోంచి సన్నని కెమెరా పంపి గొంతు ఎక్కడ మూసుకుపోతోందో చూసే పరీక్ష కూడా ఉంది. మీకు అవసరమా అని అడగండి.

ఇన్సూరెన్స్ ఉంటే ఇప్పుడే కదలండి. నా ఫైల్ మొదటిసారి "అందం కోసం చేసే సర్జరీ" అని తిరిగొచ్చింది. స్లీప్ స్టడీ రిపోర్టు, సీపాప్ వాడకం లెక్కలు, ఇది ఊపిరి సమస్యకే అని సర్జన్ రాసిన లెటర్ కలిపి మళ్లీ పంపితే ఒప్పుకున్నారు. దానికే ఆరు వారాలు పట్టింది.

తిండి గురించి అందరూ రాస్తారు కాబట్టి క్లుప్తంగా చెబుతా. మొదటి రెండు వారాలు వడగట్టిన ద్రవాలే, తర్వాత నమలక్కర్లేని మెత్తనివి. ఎముక గట్టిపడడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. చివర మెత్తని సన్న గొట్టం ఉన్న పెద్ద సిరంజీలు నాలుగైదు తెచ్చుకుని, ఇప్పుడే ఒక పూట మొత్తం దాంతోనే తాగి చూడండి. బుగ్గ పక్కనుంచి, కొంచెం కొంచెంగా, కూర్చునే తాగాలి. తొందరపడితే పొలమారుతుంది, నోరు కట్టేసి ఉన్నప్పుడు పొలమారడం లాంటి భయం ఇంకోటి లేదు. చిన్నపిల్లల టూత్‌బ్రష్, పెదవులకి రాసుకునే జెల్లీ, తెల్ల బోర్డు, మార్కర్ కొనండి. ఫోన్లో టైప్ చేసి చూపించొచ్చు కదా అనుకున్నాను, కానీ చేతికి సెలైన్ ఉన్నప్పుడు బోర్డే నయం. చాలామంది ఐదారు కిలోలు తగ్గుతారు, నేను ఏడు తగ్గాను.

వాపు రెండో, మూడో రోజుకి తారస్థాయికి చేరుతుంది. తెలియకపోతే ఏదో తేడా కొట్టిందని కంగారుపడతారు. రెండో వారంలో కారణం లేకుండా ఏడుపొచ్చింది నాకు. ఎందుకు చేయించుకున్నానా అనిపించింది. నిద్ర లేమి, ఆకలి, మాట రాకపోవడం, అన్నీ కలిసొస్తాయి. ఆ వారం ఇంట్లో ఒక మనిషి ఉండేలా చూసుకోండి. మా ఆవిడకి ముందే చెప్పి ఉంచాను: నేను బోర్డు మీద ఏం రాసినా ఈ రెండు వారాలు సీరియస్‌గా తీసుకోవద్దని. ఆ బోర్డు ఫొటోలు ఆవిడ దగ్గర ఇంకా ఉన్నాయి.

మొహం మారుతుంది. ముక్కు కాస్త వెడల్పవచ్చు, పై పెదవి ముందుకొస్తుంది. కంప్యూటర్లో ముందుగా వేసే ప్లాన్ చూపించమనండి, ఇంట్లోవాళ్లకీ చూపించండి. తిమ్మిరి సంగతి ఇంకా సూటిగా అడగండి. కింది దవడ ఎముక లోపలినుంచి వెళ్లే నరం పక్కనే కోత పడుతుంది. చాలామందికి నెలల్లో స్పర్శ తిరిగొస్తుంది, కొందరికి కొంత భాగం ఎప్పటికీ రాదు. నాకు గడ్డం ఎడమవైపు రూపాయి బిళ్లంత చోట ఇప్పటికీ తెలియదు. షేవింగ్‌లో తెగినా తెలియదు, తిన్నది అంటుకున్నా ఎవరో చెప్పాలి. ఈ ఒక్కటీ మీకు ఇష్టమేనా అని సంతకం పెట్టకముందే ఆలోచించుకోండి. నన్ను అడిగితే, రాత్రి ఒక్కసారి కూడా లేవకుండా తెల్లారడానికి ఆ రూపాయి బిళ్లంత చోటు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు, మీ లెక్క వేరే కావచ్చు.

ఆఫీసుకి నేను నాలుగు వారాలు సెలవు పెట్టాను, ఐదో వారం వెళ్లినా ఫోన్లు మాట్లాడలేకపోయాను. మాట్లాడే ఉద్యోగమైతే ఆరు వారాలు అడగండి.

మీ స్లీప్ స్టడీ ఎప్పటిదో, జ్ఞానదంతాలు ఉన్నాయో లేవో, క్లిప్పులు వేశారో లేదో కింద రాయండి. అవి తెలిస్తే మూడు నెలల్లో ఏది ముందు పెట్టుకోవాలో ఇంకొంచెం వివరంగా చెప్పగలను.