ఎడారిలో చెమట కనబడదు.. సుగర్ ఉన్న నాన్నతో మే నెలలో బికనేర్ ప్రయాణమా?

ప్రశ్న: మాది కావలి. మే రెండో వారంలో కారులో అమృత్‌సర్ వెళ్తున్నాం. దారిలో రాజస్థాన్ ఎడారిలోని బికనేర్‌లో మా పిన్నమ్మ వాళ్లింట్లో రెండు రోజులు ఆగుతాం. చిన్నాయనకు బదిలీ అయ్యేలా ఉంది, అందుకే ఇప్పుడే రమ్మంటున్నారు. మా నాయనకు 66 ఏళ్లు. పన్నెండేళ్లుగా సుగర్, బీపీ. 30/70 ఇన్సులిన్ పొద్దున 18, రాత్రి 12 యూనిట్లు, మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్-హైడ్రోక్లోరోథయజైడ్ మాత్ర వాడుతున్నారు. అరికాళ్లు మొద్దుబారాయంటారు. ఆ ఎండకు తీసుకెళ్లొచ్చా? ఇన్సులిన్ ఎలా దాచాలి?
- ఓ పాఠకురాలు

జవాబు: తీసుకెళ్లొచ్చు. దసరా తర్వాతైతే ఇంకా నయం, కానీ బదిలీలు మన వీలు చూసి రావు గదా. బయల్దేరే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), సోడియం, పొటాషియం పరీక్షలు చేయించి మీ డాక్టరుకు చూపించండి. అవి బాగుంటేనే కింది మాటలు వర్తిస్తాయి.

బికనేర్‌లో మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలు. అదే ఎడారిలోని ఫలోదిలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. కావలి ఎండ మాత్రం తక్కువా అంటారేమో. తేడా ఎండలో కాదు, గాలిలో ఉంది. మన దగ్గర సముద్రపు తేమకు చెమట ఆరదు. చొక్కా వీపుకు అతుక్కుపోతుంది, చిరాకు పుడుతుంది, నీళ్లు తాగుతాం. అక్కడ చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, కాలరు మీద తెల్లటి ఉప్పు చార మాత్రం మిగులుతుంది. ‘చెమటే పట్టలేదే’ అనుకుంటూనే ఒంట్లో నీళ్లు పోగొట్టుకుంటారు. పైగా హైడ్రోక్లోరోథయజైడ్ పనే నీటిని, ఉప్పును మూత్రంలో పంపేయడం. వయసు మీద పడ్డాక దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది.

అందుకని దాహంతో పనిలేకుండా మెలకువగా ఉన్నంతసేపూ గంటకో గ్లాసు, అంటే 200 మి.లీ. నీళ్లు ఇవ్వండి. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఈ లెక్క మీ డాక్టరే చెప్పాలి. మూత్రం నాలుగు గంటలకోసారైనా, లేత పసుపు రంగులో రావాలి. ఇక్కడో మెలిక ఉంది. సుగర్ 200 దాటి ఉంటే, ఒళ్లు ఎండిపోతున్నా మూత్రం తెల్లగా, ధారాళంగా వస్తుంది. కాబట్టి రంగు ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకండి, సుగర్ మీటరు కూడా చూడండి. దారిలో బాత్రూమ్ దొరకదని నీళ్లు మానేయడం మనవాళ్ల అలవాటు. రెండు గంటలకోసారి బంకు దగ్గర కారు ఆపితే ఆ బాధ తప్పుతుంది, కాళ్లూ ఆడతాయి.

చెమట కనబడకపోవడంతో ఇంకో ప్రమాదం ఉంది. సుగర్ పడిపోతే మనం మొదట పట్టుకునే గుర్తు చెమటే. అక్కడ అది ఆరిపోతుంది. చేతుల వణుకు, ఉన్నట్టుండి విసుక్కోవడం, పిలిస్తే పలకకపోవడం - వీటిని చూసుకోవాలి. వేడికి చర్మం కింద రక్తప్రసరణ పెరిగి ఇన్సులిన్ త్వరగా ఒంటబడుతుంది కూడా. అనుమానం రాగానే మీటరు పెట్టండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజు లేదా పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. మీటరు ఎండకు కాగి ఉంటే ఎర్రర్ చూపిస్తుంది. నీడలో అరగంట ఉంచాకే వాడండి.

30/70లో 70 వంతులు నెమ్మదిగా పనిచేసే మందు. పొద్దున వేసిన డోసు బలం మధ్యాహ్నానికి అందుకుంటుంది. ‘ఇంకో గంటలో పిన్నమ్మ ఇల్లు వస్తుంది, అక్కడే తిందాం’ అనుకున్న రోజే సుగర్ పడిపోయేది. మధ్యాహ్నం ఒంటిగంటకు కారు ఎక్కడుంటే అక్కడే ఆపి తినిపించండి. ఇంట్లో తిండికి అరగంట ముందు ఇంజెక్షన్ వేయడం సరే. రోడ్డు మీద ప్లేటు ముందుకొచ్చాకే వేయండి. ప్రయాణంలో సుగర్ 180 ఉన్నా కంగారు లేదు, 70 కంటే తగ్గితేనే కంగారు.

ఇన్సులిన్ సంగతి. ఎండలో ఆపిన కారులో వేడి 60 డిగ్రీల దాకా పోతుంది కాబట్టి డాష్‌బోర్డులోనో డిక్కీలోనో పెట్టొద్దు, కారు దిగితే వెంట తీసుకెళ్లండి. ఐస్‌కు నేరుగా తగలనివ్వొద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక బాగానే కనబడుతుంది గానీ పనిచేయదు. వెడల్పు మూతి ఫ్లాస్కులో ఐస్ నీళ్లు పోసి, పది నిమిషాలకు పారబోసి, చేతిరుమాలు చుట్టిన సీసాలను అందులో పెట్టండి. రోజుకు రెండుసార్లు ఇలా చేస్తే చాలు. ఎడారి చేరాక ఇంకా సులువు. పొడిగాలికి నీరు త్వరగా ఆవిరవుతుంది కాబట్టి తడి ఇసుక పోసిన కుండలో చిన్న ముంత పెట్టినా చల్లగా ఉంటుంది. తేమ గాలి వల్ల మన కోస్తాలో ఇది అంత బాగా పనిచేయదు. పిన్నమ్మ ఇంట్లో ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి. సీసాను అరచేతుల మధ్య దొర్లించినా గోడకు తెల్లటి పలుకులు అంటుకునే ఉంటే పారేయండి. అక్కడ కొనాల్సి వస్తే సీసా మీద 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజీ, 100 అని ఉంటే నారింజ మూత సిరంజీ తీసుకోండి. తారుమారైతే డోసు రెండున్నర రెట్లు తేడా వస్తుంది.

బికనేర్ భుజియాకు, అప్పడాలకు పేరు. రెండూ ఉప్పు మూటలే. ‘ఇంత దూరమొచ్చి తినవా బావా’ అని పిన్నమ్మ అడిగితే గుప్పెడు భుజియా తిననివ్వండి, ఆ పూట మీరు తీసుకెళ్లిన ఆవకాయ మాత్రం తీసేయండి. రసగుల్లా పిండేస్తే పాకం పోతుందంటారు, చక్కెర అంతా పోదు. అక్కడి బాజ్రా రొట్టె మన సజ్జ రొట్టే. నెయ్యి తగ్గించుకుని రెండు తినొచ్చు. పలచటి మజ్జిగ ఎంతైనా మంచిదే.

బికనేర్ నుంచి 30 కిలోమీటర్లలో దేశ్‌నోక్ కర్ణీమాత గుడి. మీవాళ్లు తప్పక తీసుకెళ్తారు. చెప్పులు బయటే వదలాలి, లోపల నేలంతా ఎలుకలు తిరుగుతుంటాయి. మొద్దుబారిన కాళ్లకు రాయి కాలినా, ఎలుక గోరు గీరినా తెలియదు. తెల్లవారుజామునే వెళ్లండి. మందపాటి నూలు సాక్సులు తొడిగి, బయటికి రాగానే పారేయండి. ఆ రాత్రి ఫోన్ లైటు వేసి అరికాళ్లు, వేళ్ల సందులు మీరే చూడండి, ఆయన్ను చూసుకోమనకండి. పొక్కు కనబడితే చిదమకుండా డాక్టరుకు చూపించండి.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మెట్‌ఫార్మిన్, బీపీ మాత్ర ఆపి వెంటనే మీ డాక్టరుకు ఫోన్ చేయండి. ఆ స్థితిలో బీపీ మాత్ర కిడ్నీని దెబ్బతీయొచ్చు, మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుని రక్తంలో ఆమ్లం పెరగొచ్చు. మామూలుగా తిని తాగడం మొదలయ్యాక మళ్లీ వేసుకోవచ్చు. ఇన్సులిన్ మాత్రం పూర్తిగా ఆపకూడదు, డోసు ఎంతో డాక్టరునే అడగండి. నాలుగు గంటలకోసారి సుగర్ చూడండి. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో కలిపితే మేలు చేయకపోగా ఒంట్లో ఉప్పు పెరుగుతుంది. నడుం నొప్పికి డైక్లోఫెనాక్ వేయొద్దు, పారాసెటమాల్ చాలు.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. జ్వరం మాత్రతో తగ్గదు. నీడకు చేర్చి, ఒంటి నిండా నీళ్లు చల్లి, గట్టిగా విసరండి. స్పృహ లేకుంటే నోట్లో ఏమీ పోయొద్దు. 108 రాజస్థాన్‌లోనూ పనిచేస్తుంది, జాతీయ రహదారి మీదైతే 1033. బికనేర్‌లో పెద్ద ప్రభుత్వాసుపత్రి పీబీఎం. మీ చిన్నాయనతో ఆ దారి ముందే ఒకసారి చూపించుకోండి.